రాతి అంచుకు ఏ డైమండ్ బెల్టు కొనాలి

టెక్కలి

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

గ్రానైట్ పలకల అంచులు తీర్చడానికి బెల్టు మిషను కొన్నావనీ, బెల్టులన్నీ ఒకే రకంలో సెట్టుగా తెప్పించుకోబోతున్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆ తొందర వద్దని చెప్పడానికే ఈ ఉత్తరం.

రాతిపనికి వాడే డైమండ్ బెల్టుల్లో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. మొదటి రకంలో వజ్రపు రవ్వలను నికెల్ పూతతో గుడ్డ పట్టీకి అంటిస్తారు. రవ్వల మొనలు పూత పైకి తేలి ఉండటం వల్ల అది రాయిని ఆబగా కోస్తుంది. కానీ ఉన్నది ఒకే పొర కనుక, అది అరిగితే బెల్టు పని అయిపోయినట్టే. రెండవ రకంలో వజ్రపు పొడిని రెజిన్ అనే గట్టిపడే జిగురులో కలిపి పట్టీ మీద చుక్కలుగానో గళ్ళుగానో అచ్చువేస్తారు. రెజిన్ అరిగేకొద్దీ లోపలి రవ్వలు బయటపడుతుంటాయి కాబట్టి, కోత నెమ్మదైనా గీత సన్నగా పడుతుంది. బెల్టు నంబరు పెరిగేకొద్దీ రవ్వ సన్నబడుతుంది. అందుచేత రంపం గుర్తులు తీసే 60, 120 నంబర్లకు నికెల్ రకమూ, 200 మొదలుకొని 400, 800, 1800, 3500 వరకు రెజిన్ రకమూ కొనుక్కోమని నా సలహా.

60 నంబరు రవ్వ సుమారు పావు మిల్లీమీటరు ఉంటుంది. కొత్త బెల్టులో వాటిలో కొన్ని తోటి రవ్వల కంటే ఎత్తుగా నిలిచి లోతుగా గీస్తాయి కనుక, నికెల్ బెల్టును మొదట పనికిరాని ముక్కల మీద కాసేపు నడిపి, ఆ తరువాతే గిరాకీ పలకకు పెట్టు. రెజిన్‌కు శత్రువు వేడి. నీళ్ళు తగ్గితే రెజిన్ మాడి, బెల్టు ముఖం అద్దంలా మెరుస్తూ రాయి మీద జారిపోతుంది. అప్పుడు గట్టిగా అదిమితే ఇంకా పాడవుతుంది. మెత్తని సానరాయిని ఒక్కసారి తేలికగా ఆనిస్తే కొత్త రవ్వలు తేలతాయి. నీళ్ళు బెల్టు కోసమే కాదు, నీ ఊపిరితిత్తుల కోసం కూడా. గ్రానైట్ పొడిలోని సిలికా లోపలికి పోతే వచ్చే జబ్బుకు నయం లేదు. తడిలో నడిచే మిషను కాబట్టి ఎర్తింగ్ ముందే చూపించు.

చవకగా దొరికే నల్లని సిలికాన్ కార్బైడ్ బెల్టులు పాలరాతికి చక్కగా సరిపోతాయి, గ్రానైట్ మీద మాత్రం తొందరగా మొండిబారతాయి. ఇరుగుపొరుగు వారు కత్తిపీట సాన పట్టమని అడిగితే మొహమాటపడి డైమండ్ బెల్టు మీద పెట్టకు. ఒరిపిడి వేడికి వజ్రంలోని కార్బన్ ఇనుములోకి కరిగి, రవ్వలు మొద్దుబారతాయి.

నంబర్లు దాటవేయడం గురించి నా తప్పే చెబుతాను. ఒక వంటింటి గట్టుకు 120 తరువాత నేరుగా 800 పెట్టాను. తడి మీద అంచు నల్లగా నిగనిగలాడింది. ఇంట్లో బిగించి, ఆరిన తరువాత చూస్తే కిటికీ వెలుగులో పొడవునా బూడిదరంగు గీతలు కనిపించాయి. పలక ఊడదీసి మళ్ళీ 200 నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. అందుకే ప్రతి నంబరుకూ అంచును కడిగి, పొడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక దీపాన్ని ఏటవాలుగా పట్టి చూడు. ముందు నంబరు రవ్వ ఒక్కటి మిగిలినా తరువాతి పని చెడుతుంది కాబట్టి మిషనును కూడా కడుగు.

బెల్టు వెనుక బాణం గుర్తు ఉంటే మిషను తిరిగే వైపుకే ఎక్కించు, లేకపోతే అతుకు విడిపోతుంది.

ప్రస్తుతానికి ఒక్కో నంబరుకు ఒక్క బెల్టే కొని, ఏది ఎన్ని అడుగుల అంచు తీర్చిందో గోడ మీద సుద్దతో రాసి ఉంచు. దసరాకు వచ్చినప్పుడు ఆ లెక్క చూసి, రెండవసారి ఏవి ఎన్ని తెప్పించాలో ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం.

మీ మావయ్య