ర్యాంపు పడవ కొనబోయే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. మీ అత్తయ్య మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ముందు తలుపు కిందకి వాలే ఇనుప పడవ, కాకినాడలో వేలానికి ఉంది, అది కొని ఏటి మధ్య లంకకి ట్రాక్టర్లు, కొబ్బరికాయల లారీలు దాటిద్దామని నీ ఆలోచన. మంచిదే. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య పంటు చేసేదీ అదే పని. కాకపోతే పంటుకి రేవు కట్టి ఉండాలి, దీనికి గట్టి ఒడ్డు దొరికితే చాలు. "యుద్ధానికి చేసిన పడవ మన ఏటికి పనికొస్తుందా మావయ్యా" అని అడిగావు చూడు, అక్కడ నీ లెక్క తిరగబడింది. ఇది మనలాంటి బురదనేలలో పుట్టి, ఆ తర్వాత యుద్ధానికి పోయిన పడవ.

అమెరికాలో మిసిసిపి నది సముద్రంలో కలిసేచోట లూసియానా ఉంది. పాయలు, చిత్తడి, దుంగలు. న్యూ ఆర్లీన్స్‌లో ఆండ్రూ హిగ్గిన్స్ అనే ఆయన అక్కడి వేటగాళ్లకీ చమురు బావుల వాళ్లకీ తక్కువ నీళ్లలో తిరిగే పడవలు కట్టేవాడు. దుంగ తగిలి ప్రొపెల్లరు విరక్కుండా అడుగున సొరంగంలా గాడి తీసి అందులో దాచాడు. సైన్యం దాన్నే తీసుకుని, ముక్కుకి ర్యాంపు పెట్టించింది. రెండో ప్రపంచ యుద్ధంలో అలాంటివి 20 వేలకి పైగా తయారయ్యాయి. 36 అడుగుల పొడవు, అందులో 36 మంది సిపాయిలు. నీటిలోనూ నేలమీదా నడిచే ఇంకో బండి ఉంది, దాన్ని డొనాల్డ్ రోబ్లింగ్ ఫ్లోరిడాలో తుఫానుకి చిక్కుకున్నవాళ్లని బయటికి తేవడానికి చేశాడు. అదీ యుద్ధానికి పోయింది. 1996 నవంబరు తుఫానులో కోనసీమ ఎలా ఉందో చూసినవాణ్ణి కదా, ఆ బండి మనకెందుకు రాలేదా అనిపిస్తుంది.

యుద్ధం అయ్యాక మళ్లీ మామూలు పనికే వచ్చాయి. 1946లో ఇంగ్లండ్ నుంచి రోటర్‌డామ్‌కి లారీలు దాటించడానికి ట్యాంకులు మోసిన పెద్ద ఓడల్నే అద్దెకి తీసుకున్నారు. ఆ యుద్ధంలో ఫ్రాన్సులోని నార్మండీకి ట్యాంకులు మోసిన ఒక పడవ లివర్‌పూల్లో నైట్‌క్లబ్బు కూడా అయింది, ఇప్పుడు పోర్ట్స్‌మౌత్‌లో మ్యూజియం పక్కన ఉంది. రోడ్లు లేని అలాస్కా ఊళ్లకి ఇప్పటికీ ముక్కు తెరుచుకునే పడవలే సరుకు దించుతాయి. కాబట్టి నీ పని కొత్తదేం కాదు.

ఇక అసలు సంగతి. నేవీలో ఇలాంటి ఓడ ఇంజన్ రూములో పదిహేనేళ్లు ఉన్నాను, తర్వాత రేవులో ఎనిమిదేళ్లు పంటు చూసుకున్నాను. ఒడ్డు ఎక్కడం ఎవడైనా చేస్తాడు. మళ్లీ వెనక్కి రావడం దగ్గరే సరంగు సంగతి తెలిసేది.

అందుకే నేను ముందు చూసేది అమరం దగ్గర, అంటే పడవ వెనక భాగాన, ఉండే లంగరు. ఫోటోలో ఆ లంగరు కేబులు చుట్టే విన్చి తుప్పు పట్టి ఉంది, కేబులే లేదు. అది బాగుచెయ్యకుండా పడవని నీళ్లలో పెట్టకు. ఒడ్డు ఇంకా మూడు నాలుగు పడవల దూరం ఉందనగానే వెనక లంగరు వదలాలి, కేబులు వదులుతూ మెల్లగా వెళ్లి ముక్కు ఆనించాలి. దించేంతసేపూ ఏటి వాలుకి పడవ అడ్డం తిరక్కుండా ఆ లంగరే పట్టి ఉంచుతుంది. బయల్దేరేటప్పుడు దాన్నే చుట్టుకుంటూ వెనక్కి రావాలి. వదులైన కేబులు ప్రొపెల్లరుకి చుట్టుకుంటే ఆ రోజుకి నీ వ్యాపారం అయిపోయినట్టే, అందుకని విన్చి దగ్గర తెలివైనవాణ్ణి పెట్టు. మేనల్లుడని, బావమరిదని ఎవణ్ణో తెచ్చి నిలబెట్టకు.

రెండోది పోటు, అంటే సముద్రపు నీళ్లు ఏట్లోకి ఎక్కడం. పోటు ఎక్కుతుండగా ఆనితే, ఒకవేళ ఇరుక్కున్నా నీళ్లే లేపుతాయి. పాటు మొదలై నీళ్లు వెనక్కి తీస్తున్నప్పుడు ఆనితే ఇసుకే మిగులుతుంది. పౌర్ణమి పోటు నిండుగా ఉన్నప్పుడు నేనొకసారి ఇటుకల ట్రాక్టరుతో ఒడ్డెక్కాను. కూలీలు టీకి వెళ్లారు, నేనూ కబుర్లలో పడ్డాను. తప్పు నాదే. వచ్చేసరికి ముక్కు కింద నీళ్లు లేవు. ఆ తర్వాత వచ్చిన పోట్లన్నీ దానికంటే తక్కువ. అమావాస్య దాకా పడవ అక్కడే ఉంది, చుట్టూ గేదెలు తిరిగాయి. ఊళ్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తుతారు.

1943 నవంబరులో, అదే యుద్ధంలో, పసిఫిక్ సముద్రంలోని తరావా దీవి దగ్గర అమెరికా వాళ్లకీ పోటు లెక్కే తప్పింది. చంద్రుడు సగమే ఉన్న రోజులు, మన లెక్కలో అష్టమి దగ్గర, పోటు పేలవం. హిగ్గిన్స్ పడవలు పగడపు దిబ్బ దాటలేక ఆగిపోయాయి. సిపాయిలు గుండెల్లోతు నీళ్లలో వందల గజాలు తుపాకి గుళ్ల కింద నడిచారు. నీ జేబులో పంచాంగం ఉండాలి.

బరువు సంగతి. వెళ్లేటప్పుడు అణియం, అంటే ముక్కు వైపు, తేలిగ్గా, అమరం బరువుగా ఉండేలా బళ్లని నిలుపు. లారీ ర్యాంపు మీదకి వచ్చినప్పుడు ముక్కు దిగి వెనకభాగం లేస్తుంది. లారీ దిగిపోగానే ముక్కు లేచి పడవ వెనక్కి జారబోతుంది. అందుకే ఇంజన్ ఆపకూడదు, ముందుకి మెల్లగా తోస్తూ ముక్కుని ఒడ్డుకి అదిమి పట్టాలి. ర్యాంపుని విన్చి తాడు ఒక్కదాని మీద నమ్మి వదలకు, రెండు పక్కలా గొలుసులు ఉండాలి. దాని కిందకి మనిషిని రానివ్వకు. పూర్తిగా దిగేదాకా జనాన్ని ర్యాంపు మీదకి రానివ్వకు. మనవాళ్లకి దూకే అలవాటు ఎక్కువ.

ఇంజన్ గురించి టెన్షన్ పడకు. మిలిటరీ పడవలకి వేగం కోసం అవసరానికి మించిన ఇంజన్లు పెడతారు, డీజిలు తాగేస్తాయి. తీసేసి, విడిభాగాలు ఇక్కడ దొరికే రకం పెట్టించు. నువ్వు చూడాల్సింది అడుగు రేకు. పైన కొత్త పెయింటు ఉంటే కింద తుప్పు దాచారేమోనని అనుమానించు.

కాగితాలు: 2021లో వచ్చిన కొత్త చట్టం ప్రకారం సర్వే, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. అవి లేకుండా ఒక్క ట్రిప్పు కూడా వద్దు. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో పడవ మునిగి ఏం జరిగిందో తెలుసు కదా, లైఫ్ జాకెట్లు ఒంటిమీద ఉండాలి, మూలన మూట కట్టి కాదు. ధవళేశ్వరంలో వరద హెచ్చరిక ఇచ్చారంటే పడవ కట్టెయ్యి. ఆ రోజు డబ్బు రాకపోతే రాలేదు.

వచ్చే బుధవారం కాకినాడ వస్తాను. సుత్తి తెచ్చుకుంటాను, అడుగంతా కొట్టి చూడాలి. పడవని గట్టు మీదకి లాగించి ఉంచమను. అప్పటిదాకా అడ్వాన్సు మాత్రం ఇవ్వకు.

ఆశీస్సులతో
మీ మావయ్య