చెక్ అంటే ఏ చెక్?

అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను అడిగే సందేహాల్లో వీసాలవి పక్కన పెడితే, మిగిలినవాటిలో ఎక్కడో ఒకచోట ‘చెక్’ అనే మాట తగులుతుంది. "అన్నా, ఆఫీసులో వాయిడ్ చెక్ ఇమ్మన్నారు, ఏంటది?" "అపార్ట్‌మెంట్ వాళ్లు క్యాషియర్స్ చెక్కే కావాలంటున్నారు, నా చెక్‌బుక్ చెల్లదా?" ‘అక్రమాలకు చెక్’ అన్న హెడ్డింగులు చదువుతూ పెరిగినవాళ్లం, మాట మనకు కొత్త కాదు. దీని మూలం చదరంగంలో ఉంది. పారశీకంలో రాజును షా అంటారు. ఆ షా ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి చెక్ అయింది. అడ్డుకోవడం, సరిచూడడం, బ్యాంకు కాగితం అనే అర్థాలన్నీ తర్వాత వచ్చి చేరినవే.

ఆ అర్థాలన్నీ బట్టీ పట్టాల్సిన పని లేదు. చాలావరకు నాలుగు రోజులు తిరిగితే వాటంతట అవే వస్తాయి. డబ్బు, సంతకం ఉన్నచోట మాత్రం ముందే తెలుసుకుని ఉండాలి.

హోటల్లో తినడం అయ్యాక అడిగేది చెక్. బిల్లు అన్నా అర్థమవుతుంది గానీ, ఇక్కడ బిల్లంటే కరెన్సీ నోటు కూడా. ఎవరిది వాళ్లు కట్టుకోవాలనుకుంటే ఆర్డర్ ఇచ్చేటప్పుడే ‘సెపరేట్ చెక్స్’ అని చెప్పేయండి. తిన్నాక చెబితే సర్వర్ మొహం చూడలేం. కార్డు తీసుకెళ్లి రెండు స్లిప్పులు తెస్తారు. వాళ్లకిచ్చే స్లిప్పు మీద టిప్పు, దాని కింద మొత్తం రాసి సంతకం పెట్టాలి. బ్యాంకు యాప్‌లో ముందు టిప్పు లేని మొత్తం కనిపించి, ఒకట్రెండు రోజుల్లో టిప్పుతో కలిపి మారుతుంది. ఎక్కువ కోసేశారని టెన్షన్ పడకండి.

ఇక అసలు చెక్కు. మన ఊళ్లో యూపీఐకి అలవాటు పడి చెక్కు రాయడమే మర్చిపోయిన పిల్లలు ఇక్కడికొచ్చి అద్దెకు చెక్కు రాయాల్సి వస్తే కంగారు పడతారు. తేదీలో నెల ముందు, రోజు తర్వాత: మార్చి 7ని 03/07 అని రాయాలి. 850 డాలర్ల 25 సెంట్లయితే అక్షరాల్లో ‘ఎయిట్ హండ్రెడ్ ఫిఫ్టీ అండ్’ అని రాసి, సెంట్లను 25/100 అని భిన్నంలా వేసి, మిగిలిన ఖాళీలో గీత కొట్టేయాలి. చివర్లో ‘ఓన్లీ’ రాయక్కర్లేదు. మూలన రెండు అడ్డగీతలు గీసి అకౌంట్ పేయీ చేశామనుకోవడం మన అలవాటు. ఆ గీతలకు ఇక్కడ విలువ లేదు. కింద ఎడమ పక్క ‘మెమో’ అని ఉన్న గీత మీద ఏ నెల అద్దో, ఏ ఫ్లాటో రాసుకోండి, తర్వాత పేచీ వస్తే పనికొస్తుంది.

రాబోయే తేదీ వేసిన చెక్కులు మన దగ్గర మామూలే. ఇక్కడ ఆ తేదీని నమ్ముకోకండి. మీరు బ్యాంకుకు విడిగా నోటీసు ఇస్తే తప్ప, తేదీ రాకముందే డబ్బు ఇచ్చేసే వీలు బ్యాంకుకుంది. ‘ఒకటో తారీఖు వేశాను కదా’ అని ఖాతా ఖాళీగా ఉంచితే చెక్కు బౌన్సయి, బ్యాంకు ఫీజు ఒకటి, ఇంటివాళ్ల ఫీజు ఒకటి పడతాయి. రాసిన చెక్కును పోస్టులో వేసేటప్పుడు కూడా జాగ్రత్త. డబ్బాల్లోంచి కవర్లు దొంగిలించి, రసాయనాలతో సిరా కడిగేసి, పేరూ మొత్తమూ మార్చుకునే ముఠాలు ఉన్నాయి. జెల్ పెన్నుతో రాయండి, సిరా అంత సులువుగా పోదు. కవరు పోస్టాఫీసు లోపలికెళ్లి ఇస్తే ఇంకా మంచిది.

వాయిడ్ చెక్ అడిగితే భయపడేవాళ్లున్నారు. జీతం నేరుగా ఖాతాలో వేయడానికి వాళ్లకు కావాల్సింది చెక్కు అడుగున ఉండే రెండు నంబర్లు: తొమ్మిది అంకెల రౌటింగ్ నంబరు, మీ ఖాతా నంబరు. ఆ చెక్కును ఇంకెవరూ వాడకుండా దాని మీద పెద్దక్షరాలతో వాయిడ్ అని రాసి ఇస్తారు, అంతే. చెక్‌బుక్ లేకపోతే బ్యాంకు యాప్‌లో డైరెక్ట్ డిపాజిట్ ఫారం దొరుకుతుంది.

క్యాషియర్స్ చెక్ మన డీడీ లాంటిది. బ్యాంకే మీ దగ్గర ముందుగా డబ్బు తీసుకుని తన ఖాతా మీద రాసి ఇస్తుంది. అందుకే ఊరూపేరూ తెలియని కొత్తవాళ్ల దగ్గర డిపాజిట్‌కి అదే అడుగుతారు. అది మీరు ఇచ్చేటప్పుడు బానే ఉంటుంది. ఎవరైనా మీకిస్తే మాత్రం ఆగి ఆలోచించండి. మన విద్యార్థులను పట్టుకునే వల ఇదే. ఇంట్లో సోఫా అమ్మకానికి పెడతారు. కొనేవాడు 300 డాలర్ల సోఫాకి 1,800 డాలర్ల చెక్కు పంపి, ‘పొరపాటున ఎక్కువ వచ్చింది, మిగతాది మా ట్రక్కువాడికి జెల్‌లో పంపండి’ అంటాడు (జెల్ అంటే మన యూపీఐలా వెంటనే డబ్బు పంపే సేవ). లేదా ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగమని చెప్పి, సామాన్లు కొనుక్కోమని చెక్కు పంపుతాడు. చెక్కు వేసిన మర్నాడే యాప్‌లో ‘అవైలబుల్’ అని డబ్బు కనిపిస్తుంది. చెక్కు క్లియరైందని దాని అర్థం కాదు. నిబంధన ప్రకారం బ్యాంకు ముందుగా వాడుకోనిచ్చిందంతే. అది దొంగ చెక్కని తేలడానికి వారాలు పట్టొచ్చు. తేలిన రోజున మొత్తం డబ్బు మీ ఖాతాలోంచే వెనక్కి లాగేస్తారు. ఈలోపు మీరు పంపింది పోయినట్టే. స్టూడెంట్ వీసా మీద అనుమతి లేని పని ఒప్పుకున్నామన్న భయంతో కొందరు ఎవరికీ చెప్పుకోలేరు కూడా. ఎక్కువ పంపి వెనక్కి ఇమ్మనేవాడు ఎవడైనా సరే మోసగాడే, నా లెక్కలో దీనికి మినహాయింపు లేదు.

క్రెడిట్ చెక్, బ్యాక్‌గ్రౌండ్ చెక్ రెండూ ఒకటనుకుంటారు. మొదటిది అప్పు తీర్చే మీ అలవాటు చూడ్డానికి. కార్డుకో లోనుకో అప్లై చేస్తే ఆ విచారణ మీ క్రెడిట్ రిపోర్టులో రెండేళ్లు కనిపిస్తుంది, అందుకే వచ్చిన వారంలోనే అయిదారు కార్డులకు అప్లై చేయొద్దంటాను. మీ రిపోర్టు మీరు చూసుకుంటే క్రెడిట్ స్కోరు తగ్గదు. ఈ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ కంపెనీలు మూడింటివీ వారానికోసారి ఉచితంగా చూసుకోవచ్చు. రెండోది ఉద్యోగానికి. బయటి ఏజెన్సీతో చేయించాలంటే కంపెనీ మీ దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి, ఆ రిపోర్టు చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే ముందు దాని కాపీ మీకివ్వాలి. కన్సల్టెన్సీవాళ్లు రెజ్యూమెలో కలిపేసిన దొంగ ఎక్స్‌పీరియన్స్ బయటపడేది ఇక్కడే. వాళ్లకేం, ఇంకో కుర్రాడిని వెతుక్కుంటారు. ఇరుక్కునేది మీరు.

‘రెయిన్ చెక్’ గురించి ఒక్కముక్క. వర్షం వల్ల బేస్‌బాల్ ఆట ఆగిపోతే అదే టిక్కెట్టు మరోరోజుకు చెల్లేది, అక్కడ పుట్టిన మాట. భోజనానికి పిలిస్తే కొలీగ్ ఈ మాటన్నాడంటే, ఈసారికి రానని మర్యాదగా చెప్పాడని అర్థం. ‘మరి ఏ రోజు?’ అని వెంటపడకండి. కార్లో ‘చెక్ ఇంజన్’ లైటు నిలకడగా వెలిగితే ఒకట్రెండు రోజుల్లో చూపించండి, విడిభాగాలు అమ్మే షాపుల్లో చాలావరకు కోడ్ ఉచితంగానే చదివి చెబుతారు. మిణుకు మిణుకుమంటుంటే మాత్రం బండి పక్కకు తీసి ఆపండి.

ఇంకోటి ఉంది, ఇది మీకన్నా ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఎక్కువ అవసరం: వెల్ఫేర్ చెక్. కొడుకో కూతురో రెండు రోజులుగా ఫోన్ ఎత్తకపోతే, వాళ్లుండే ఊరి పోలీసులకు ఫోన్ చేసి ఒకసారి వెళ్లి చూడమని అడగొచ్చు. వాళ్లు వచ్చి తలుపు కొడతారు. మీ తలుపే కొడితే బెదిరిపోకండి, మీరేదో తప్పు చేశారని కాదు, మీ గురించి ఎవరో కంగారు పడుతున్నారు. అమ్మకు ఫోన్ చేయండి. ఇండియా నుంచి ఇక్కడి అత్యవసర నంబరు 911కి కలపడం కుదరదు. అందుకని ఇక్కడ మీరుండే ఊరి పోలీసుల అత్యవసరం కాని పది అంకెల నంబరు, ముందు దేశం కోడ్ 1 వేసి, ఇంట్లో రాసిపెట్టించండి. పక్కనే మీ పూర్తి అడ్రస్, రూమ్మేట్ నంబరు కూడా ఉండాలి. అడ్రస్‌లో అపార్ట్‌మెంట్ నంబరు వదిలేయకండి, రెండొందల ఫ్లాట్లున్న కాంప్లెక్సులో ఏ తలుపు కొట్టాలో పోలీసులకు తెలియదు.