రెండు తేనెపిట్టలు, ఒకే మందారం

ప్రశ్న: మా పెరటి మందారాలపై వాలే తేనెపిట్టల్లో కొన్ని నల్లగా మెరుస్తుంటే, కొన్నింటి పొట్ట పసుపుగా ఉంటోంది. ఇవి ఒకే జాతికి చెందిన ఆడ, మగ పక్షులా, లేక రెండు జాతులా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: రెండూ కావచ్చు. మన తోటల్లో సాధారణంగా కనిపించే తేనెపిట్టలు రెండు జాతులవి. ఒకటి ఊదా తేనెపిట్ట, మరొకటి ఊదా నడుము తేనెపిట్ట. రెండూ పది సెంటీమీటర్లు మించనివే కనుక పరిమాణాన్ని బట్టి పోల్చుకోవడం కష్టం. జతకట్టే కాలంలో ఒళ్లంతా నల్లగా, ఎండ పడితే ఊదా, నీలి మెరుపులతో కనిపించేది మొదటి జాతి మగపక్షి. ఆ కాలం గడిచాక అది ఆడపక్షిలా పసుపు పొట్టకు మారిపోయినా, గొంతు నుంచి పొట్ట వరకు నడిమధ్యన ఒక నల్లని చార మిగులుతుంది. ఈ చారను తప్పక గమనించండి. రెండో జాతి మగపక్షి ఏడాది పొడవునా ముదురు ఎరుపు వీపుతో, పసుపు పొట్టతోనే ఉంటుంది. అసలు చిక్కు ఆడపక్షులతోనే: గొంతు తెల్లగా, రొమ్ము పసుపుగా వేరుపడి కనిపిస్తే ఊదా నడుము జాతిదని, గొంతు నుంచే పసుపుగా ఉంటే మొదటి జాతిదని భావించవచ్చు. రెండు జాతుల్లోనూ సాలెగూటి దారాలతో వేలాడే గూడును అల్లేది ఆడపక్షే. అటువంటి గూడు కనిపిస్తే, పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ కొమ్మను దయచేసి కత్తిరించకండి.