వెనక పళ్ళను కనిపెట్టి ఉండు

అల్లుడికి ఆశీస్సులు.

చిత్తూరు షెడ్డులో టేబుల్ సా, అదే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చి తిరిగే మిషన్, దించినావని మీ అమ్మ చెప్పింది. స్విచ్చి వేసే ముందు ఇది చదువు. చేతిరంపంతో కోసేటప్పుడు చెక్క నిలబడి రంపం కదులుతుంది. ఇక్కడ రంపం ఉన్నచోటే తిరుగుతుంది, చెక్క కదులుతుంది. అది దారి తప్పకుండా చూసుకోవడమే పనంతా.

బ్లేడు ముందు పళ్ళు కిందికి దిగుతూ చెక్కను బల్లకేసి అదుముతాయి, వాటితో పెద్ద పేచీ లేదు. వెనక పళ్ళు పైకి లేస్తుంటాయి. చెక్క కాస్త పక్కకు తిరిగి వాటికి తగిలిందంటే ఎత్తి నీ మీదికే విసిరేస్తాయి. దాన్నే కిక్‌బ్యాక్ అంటారు. నిమిషానికి 4000 చుట్లు తిరిగే 10 అంగుళాల బ్లేడు పన్ను గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. చెక్క ఎగిరాక తప్పుకుందామంటే కుదరదు. అందుకే బ్లేడుకు సూటిగా కాకుండా కాస్త ఎడమకు జరిగి నిలబడు.

ఫెన్స్ అంటే కుడిపక్క చెక్కను ఆనించే నిలువు పట్టీ. అది బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో ముందు చూసుకో. ప్లగ్గు పీకి, ఒక పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టు. మైటర్ గేజ్ అంటే చెక్కను అడ్డంగా ఆనించి తోసే జారుడు పట్టీ. అది నడిచే గాడి బల్లమీద ఉంటుంది, ఆ గాడి నుంచి ఆ పన్నుకు ఎంత దూరమో ముందువైపు కొలువు. బ్లేడును చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్ళీ కొలువు. రెండూ ఒకటే అయితే ఫెన్స్‌ను ఆ గాడితో సరిచూడు. వెనకవైపు కాగితం మందం ఎడం ఉన్నా పరవాలేదు. మూసుకుని ఉంటే మాత్రం చెక్క బ్లేడుకు, ఫెన్స్‌కు మధ్య ఇరుక్కుంటుంది.

బ్లేడు వెనక నిలబడి ఉండే రేకు రైవింగ్ నైఫ్. కోసిన చెక్క మళ్ళీ మూసుకుని బ్లేడును పట్టెయ్యకుండా అడ్డం ఉంటుంది. మన పక్క మామిడి చవగ్గా దొరుకుతుంది గదా, సరిగా ఆరని మామిడి కోస్తుండగానే మూసుకుంటుంది. దాని లోపలి బిగువు అట్లాంటిది. బ్లేడు తీసే గాడి వెడల్పును కెర్ఫ్ అంటారు, సుమారు ఒక నూలు, అంటే 3 మిల్లీమీటర్లు. రైవింగ్ నైఫ్ బ్లేడు రేకు కంటే మందంగా, కెర్ఫ్ కంటే సన్నగా ఉండాల. బ్లేడు రేకు 2.2, కెర్ఫ్ 3 అయితే 2.5 నైఫ్ సరిపోతుంది. సన్న కెర్ఫ్ బ్లేడు కొనుక్కొచ్చి, చెక్క నైఫ్‌కు తట్టుకుంటోందని నైఫ్‌నే పీకి మూలన పడేస్తారు చూడు, ఆ పని చెయ్యొద్దు. బ్లేడు మార్చు.

ఇంగ కోతలు. నార వెంబడి కోసేది రిప్, దానికి 24 పళ్ళ బ్లేడు. చిత్రిక పట్టిన చదును ముఖం బల్లమీద, తిన్నటి అంచు ఫెన్స్‌కు ఆనాల. వంకర చెక్కను అట్లనే పెట్టొద్దు. పళ్ళ మధ్య గుంట చెక్క పైముఖానికి వచ్చేదాకా బ్లేడు లేపితే చాలు. తోసేటప్పుడు ఫెన్స్‌కు, బ్లేడుకు మధ్యనున్న ముక్కనే బ్లేడు దాటేదాకా తొయ్యి. ఆ సందు 6 అంగుళాల కంటే తక్కువైతే చెయ్యి కాదు, తోపుడు కర్ర వాడు. ఎడమవైపు తెగిన ముక్కను బ్లేడు పూర్తిగా నిలిచేదాకా ముట్టుకోవద్దు.

నారకు అడ్డంగా కోసేది క్రాస్‌కట్. 60 పళ్ళ బ్లేడు పెట్టి మైటర్ గేజ్‌తో తొయ్యి. శ్రీకాళహస్తి కలంకారీ ఫ్రేములకు 50 ముక్కలు ఒకే పొడవు కావాలంటే, ఫెన్స్‌కు ఆనించి కోసేస్తే సులువనిపిస్తుంది. కానీ అట్లా చేస్తే తెగిన ముక్క ఫెన్స్‌కు, బ్లేడుకు మధ్య మెలిక పడి లేస్తుంది. అంగుళం మందం దిమ్మెను ఫెన్స్ ముందుభాగానికి, బ్లేడు కంటే బాగా ఇవతల, క్లాంపుతో బిగించు. కొలత దానికి ఆనించి తీసుకో. బ్లేడు దగ్గరికొచ్చేసరికి ముక్క దిమ్మెను వదిలేసి ఉంటుంది, పక్కన అంగుళం ఖాళీ దొరుకుతుంది.

ఏటవాలు కోతకు బ్లేడు ఫెన్స్‌కు ఎదురుదిక్కుకు వాలాల. డాడో, అంటే నారకు అడ్డంగా తీసే వెడల్పాటి గాడి, దాని జోలికి ఇప్పుడే పోవద్దు, రౌటర్‌తో, అదే తిరిగే బిట్టుతో గాడి తీసే చేతి మిషన్‌తో చేసుకో. ఫెన్స్ గానీ గేజ్ గానీ లేకుండా వట్టి చేతులతో ఏ కోతా వద్దు. గ్లవుజులు కూడా వద్దు, పన్ను గుడ్డను పట్టుకుని వేళ్ళను లాక్కుపోతుంది.

కరెంటు పోయి వచ్చినప్పుడు మిషన్ తనంతట తాను తిరగకూడదు. పచ్చ, ఎర్ర బటన్ల స్టార్టర్ పెట్టించు. బోరు మోటారుకు పెట్టే ఆటో స్టార్టర్ మిగిలింది గదా అని దీనికి తగిలించేవు! ఎర్రచందనం ఎవరు తెచ్చినా, కాగితాలు లేకుంటే షెడ్డులోకి రానీయొద్దు.

కోసిన అంచు నల్లగా మాడితే దేనికో కనిపెట్టు. ఫెన్స్ వైపు ముక్కే మాడితే ఫెన్స్ వెనక మూసుకుంది. రెండు అంచులూ మాడితే పళ్ళు మొద్దుబారాయి, లేదా నువ్వు మరీ మెల్లగా తోస్తున్నావు. అట్లాంటి ముక్కలు పొయ్యిలో పెట్టకుండా ఉంచు, సంక్రాంతికి వచ్చినప్పుడు చూస్తా.

ఇట్లు,
మీ మామ,
తిరుపతి