రంగం నుంచి వచ్చిన ఇంటి కథ

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గరి పల్లె. మా ముత్తాత 1928లో ఇక్కడి రేవులోనే ఓడెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లారు. మామ్మ అక్కడే పుట్టి, 1964లో తాతయ్యతో కాందిశీకురాలిగా తిరిగి వచ్చింది. ఆ జీవితం మీద రాసిన రెండు కథలను ఒక పత్రిక ‘ఇది చరిత్రే గాని కథ కాదు’ అని తిప్పి పంపింది. మామ్మ చెప్పినదానిలో ఖాళీలు చాలా ఉన్నాయి. వాటిని ఊహతో పూరించవచ్చా?
— ఒక కొత్త రచయిత్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: మీరు జత చేసిన రెండు కథలూ చదివాను. మొదటిదానిలో 1930 నాటి రంగూన్ అల్లర్లు, 1941 డిసెంబరులో పడిన జపాను బాంబులు, 1962లో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకోవడం, అన్నీ ఎనిమిది పేజీల్లోనే వచ్చి వెళ్లిపోయాయి; మీ మామ్మ మాత్రం ఎక్కడా ఒక పని చేయదు, ఒక మాట అనదు. రెండవ కథలో ఒక పేరా ఉంది. మామ్మ ‘తనఖా’ అన్నప్పుడల్లా ఇల్లు తాకట్టు పెడుతున్నారేమోనని చిన్నతనంలో మీరు బెంగపడ్డారనీ, అది బర్మా ఆడవాళ్లు సాన మీద నీళ్లు చల్లి అరగదీసి బుగ్గలకు పూసుకొనే చెక్క అని తరవాత తెలిసిందనీ రాశారు. ఆ పేరాను మూడుసార్లు చదువుకొన్నాను. మీ కథ అక్కడ ఉంది.

ఊహించవచ్చు, తప్పకుండా ఊహించాలి. ఓడ కదిలినప్పుడు మామ్మ వెనక్కి తిరిగి చూసిందో లేదో ఏ కాగితమూ చెప్పదు, అది మీరే చెప్పాలి. కాని ఆమె చుట్టూ ఉన్న లోకాన్ని మార్చే హక్కు మనకు లేదు. మీ కథలో తాతయ్య 1964 వానాకాలంలో వంద చాట్ల (చాట్ అంటే బర్మా రూపాయి) నోట్లతో ఓడ టిక్కెట్లు కొన్నారు. ఆ ఏడాది మే నెలలోనే అక్కడి ప్రభుత్వం యాభై, వంద చాట్ల నోట్లను రద్దు చేసింది. పెట్టెలో నోట్లుండీ అవి చెల్లని మనిషి ఓడరేవులో ఎలా నిలబడ్డాడన్నది మీరు రాసినదానికంటే ఎంతో బలమైన ఘట్టం. అలాగే 1928లో ముత్తాత చేత ‘శ్రీకాకుళం జిల్లా’ అని చెప్పించారు. ఆ జిల్లా 1950లో ఏర్పడింది. ఆయన నాటికి మీ ఊరు గంజాం జిల్లా చికాకోల్ (నేటి శ్రీకాకుళం) తాలూకాలోనిది.

మామ్మకు ఎనభై ఆరేళ్లన్నారు కనుక ఆలస్యం చేయకండి. ‘ఏం జరిగింది?’ అని అడిగితే పెద్దవాళ్లు అందరికీ చెప్పే నాలుగు మాటలే చెబుతారు. ఇల్లు విడిచిన రోజు పొయ్యి మీద ఏముంది, తాళం ఎవరి చేతికిచ్చారు, ఆ సానరాయి పెట్టెలోకి ఎలా చేరింది అని అడగండి. ఆమె చెప్పింది ఆమె యాసలోనే రాసుకొని, తనఖా పేరాతో కథ మళ్లీ మొదలుపెట్టి పంపండి, చదువుతాను.