మాస్టర్ కీ ప్లానింగ్ ఉద్యోగం: డిప్లొమా చదివిన అబ్బాయిని పంపొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేశాడు. హైదరాబాద్‌లో తలుపుల హార్డ్‌వేర్ కంపెనీ ఒకటి ‘కీయింగ్ ట్రైనీ’గా రమ్మంది. ఆఫీసు బిల్డింగులకు మాస్టర్ కీ ప్లాన్ వేసే పనట. ఇంత చదివించి తాళాల పనికి పంపడమేమిటని ఇంట్లో గొడవ. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకునే ఈ రోజుల్లో దీనికి భవిష్యత్తు ఉంటుందా? వాడికి సరిపోతుందో లేదో ఎలా తెలుసుకోవాలి? (ఒక తండ్రి, తెనాలి)

జవాబు: పంపండి, కానీ ఒక షరతు మీద. మొదటి ఆరు నెలలు బెంచీ మీద సిలిండర్లు (తాళంలో చెవి దూరే భాగాలు) విప్పి పిన్నులు మార్చే పని, సైటులో తలుపులు లెక్కపెట్టే పని ఇస్తామని కంపెనీ చెప్పాలి. చేరిన రోజే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే చోట ఏడాది గడిచినా అసలు విషయం చేతికి రాదు. పని ఎలా ఉంటుందో తెలిస్తే ఎందుకు ఇలా అంటున్నానో మీకే అర్థమవుతుంది.

గచ్చిబౌలిలో ఐదంతస్తుల ఆఫీసు బిల్డింగు ఉందనుకోండి. 20 అద్దెదారు కంపెనీలు, ఒక్కొక్కరికి 6 తలుపుల చొప్పున 120 సిలిండర్లు. లిఫ్టు మెషిన్ రూమ్, కరెంటు షాఫ్టులు, ఏసీ ప్లాంటు గదులు, టాయిలెట్లు, స్టోర్లు కలిపి మరో 45. మొత్తం 165. ఉద్యోగి దగ్గరుండే కీ తన గదిని మాత్రమే తియ్యాలి. ఆ కంపెనీ ఆఫీసు మేనేజర్ కీ వాళ్ల ఆరు తలుపులూ తియ్యాలి. ఎలక్ట్రీషియన్ కీ షాఫ్టులకే పనిచెయ్యాలి. బిల్డింగు మేనేజర్ సేఫులోని ఒక్క కీ అన్నిటికీ పట్టాలి. దీన్ని ముందే కాగితం మీద లెక్కకట్టి, ఏ సిలిండర్‌లో ఏ పిన్ను వెయ్యాలో ఫ్యాక్టరీకి రాసిపంపడమే మీ అబ్బాయి పని. తాళాలు బాగుచెయ్యడం ఇందులో పదో వంతు కూడా ఉండదు.

లోపల జరిగేది చిన్న కూడికే. మామూలు తాళంలో ప్రతి పిన్ను గదిలో, అంటే పిన్నులు కూర్చునే రంధ్రంలో, చెవిని తాకే కింది పిన్ను, దాని మీద డ్రైవర్ పిన్ను, ఆపైన స్ప్రింగు ఉంటాయి. సరైన చెవి పెడితే రెండు పిన్నుల మధ్య సందు ప్లగ్ (చెవితో పాటు తిరిగే లోపలి భాగం) అంచుకు, అంటే షియర్ లైనుకు, సరిగ్గా వస్తుంది. అప్పుడు ప్లగ్ తిరుగుతుంది. అదే తాళాన్ని ఇంకో చెవి కూడా తియ్యాలంటే రెంటి మధ్య ఒక చిన్న బిళ్ల వేస్తారు. అదే మాస్టర్ పిన్. అమెరికన్ తాళాల కంపెనీ ష్లేజ్ కొలతలు తీసుకుందాం: చెవి మీద కోతల లోతులు 0 నుంచి 9 వరకు, మెట్టుకు 0.38 మిల్లీమీటర్లు. మొదటి పిన్ను గదిలో టాప్ మాస్టర్ (అన్ని తలుపులకూ పట్టే కీ) కోత 4, గది కీ కోత 6 అనుకుంటే, కింద 4 పిన్ను, దాని మీద 2 బిళ్ల వేస్తాం. 4 కోత ఉన్న చెవి పెడితే బిళ్ల కింది సందు లైనుకు వస్తుంది. 6 కోత చెవి మీద రెండూ కలిసి ఇంకాస్త దిగుతాయి, బిళ్ల పైసందు లైనుకు వస్తుంది. మన దగ్గర ఆఫీసుల్లో ఎక్కువగా కనిపించే యూరో ప్రొఫైల్ సిలిండర్‌లో ఇదంతా తలకిందులుగా ఉంటుంది. లెక్క మాత్రం మారదు.

బిళ్ల మందం ఒక్క మెట్టే ఉంటే 0.38 మిల్లీమీటర్లు. అంత పలుచటిది పక్కకు ఒరిగి ఇరుక్కుంటుంది. చెవి కాస్త అరిగినా పక్క తాళాన్ని తీసేస్తుంది. అందుకే రెండేసి మెట్ల తేడాతో ప్లాన్ వేస్తారు. మాస్టర్ కోత 4 అయితే గది కీలకు 0, 2, 6, 8 మిగులుతాయి. మాస్టర్ 7 అయితే 1, 3, 5, 9. అంటే పిన్ను గదికి నాలుగు ఎంపికలు. ఐదు పిన్నుల సిలిండర్‌లో 4ను ఐదుసార్లు గుణిస్తే 1024, ఆరు పిన్నులయితే 4096. పక్కపక్క కోతల మధ్య తేడా ఒక హద్దు దాటకూడదన్న నియమం ఇందులో కొన్నిటిని కొట్టేస్తుంది. ష్లేజ్‌లో ఆ హద్దు 7. అంటే 0 పక్కన 9 కోస్తే లోతు కోత వాలు పక్క కోతను తినేస్తుంది.

అసలు నేర్పు ఇక్కడే కనిపిస్తుంది. ఐదు పిన్నుల్లో రెండిటిని కంపెనీ గ్రూపుకు (ఒకే కంపెనీ మాస్టర్ కింద ఉండే తలుపులకు) కేటాయిస్తే 16 గ్రూపులు, గ్రూపుకు 64 కీలు వస్తాయి. మన బిల్డింగులో 20 కంపెనీలు, కరెంటు, ఏసీ–నీళ్లు, హౌస్‌కీపింగ్‌లకు మూడు గ్రూపులు, మొత్తం 23 కావాలి. 16 చాలవు. మూడు పిన్నులు గ్రూపుకిస్తే 64 గ్రూపులు దొరుకుతాయి, కానీ గ్రూపుకు 16 కీలే. ఈరోజు ఆరు తలుపులున్న కంపెనీ రేపు పక్క ఆఫీసు కూడా తీసుకుని కేబిన్లు కొట్టించుకుంటే 16 ఎంతసేపు? ఆరు పిన్నుల సిలిండర్ తీసుకుని మూడు మూడుగా పంచితే 64 గ్రూపులు, గ్రూపుకు 64. సిలిండర్ ఖర్చు కొంచెం పెరుగుతుంది, పదేళ్లు ఊపిరాడుతుంది. కనీసం సగం కీలు వాడకుండా ఖాళీగా ఉంచని ప్లాన్‌ను నేనైతే ప్లాన్ అనను.

కొత్తవాళ్లు దాదాపు అందరూ చేసే పొరపాటు గ్రూపులను అంతస్తుల వారీగా వెయ్యడం. డ్రాయింగులో అది ముచ్చటగా ఉంటుంది. రెండో అంతస్తు కంపెనీ నాలుగో అంతస్తులో సగం తీసుకున్న రోజు వాళ్ల మేనేజర్‌కు రెండు మాస్టర్ కీలు ఇవ్వాల్సి వస్తుంది, రెండో కీ మరొకరి ఆఫీసులోకి కూడా దారిస్తుంది. గ్రూపు అద్దెదారు పేరున ఉండాలి. అతను ఏ అంతస్తుకు వెళ్తే ఆ తలుపుల సిలిండర్లను అతని గ్రూపులోకి మార్చి పిన్నులు వేస్తే సరిపోతుంది. ఖాళీ చేసి వెళ్లినవారి కీ నంబర్లను వెంటనే వేరేవాళ్లకు ఇవ్వకూడదు. వాళ్ల డ్రాయరులో ఒక కీ ఎప్పుడూ మిగిలే ఉంటుంది.

మెయిన్ గేటు గురించి యజమాని తప్పకుండా అడుగుతాడు: “అందరి కీలూ ఆ తలుపు తియ్యాలి.” వినడానికి న్యాయమే. కానీ వందకు పైగా వేర్వేరు కీలకు ఒకే సిలిండర్ తెరుచుకోవాలంటే అందులో కొన్ని పిన్ను గదులు ఖాళీగా వదిలెయ్యాలి, లేదా బిళ్లలతో నింపెయ్యాలి. ఎలా చేసినా బిల్డింగులోకెల్లా బలహీనమైన తాళం మెయిన్ గేటుకే పడుతుంది. అక్కడ కార్డు రీడర్ పెట్టించమని చెప్పగలిగినవాడే ప్లానర్.

ఇలాంటిదే క్రాస్ కీయింగ్, అంటే ఒక గ్రూపు తలుపును వేరే గ్రూపు కీ కూడా తియ్యడం. “హౌస్‌కీపింగ్ కీ టాయిలెట్లతో పాటు ఆఫీసుల ప్యాంట్రీలూ తియ్యాలి, కేబిన్లు మాత్రం తియ్యకూడదు” అంటారు. మామూలు మాస్టర్ తాళంలో ఆరు పిన్ను గదుల్లోనూ ఒక్కో బిళ్ల ఉంటే, ఆ తాళాన్ని తియ్యగల కోతల కూర్పులు 64. మనం ఉద్దేశించినవి మూడే: గది కీ, కంపెనీ మాస్టర్, టాప్ మాస్టర్. మిగతా 61 దొంగ కూర్పులు. ఏ కీకి ఏ కోతలో రాసే పట్టికను క్రమశిక్షణతో వేస్తే వాటిలో ఏదీ మరొకరి చేతిలో కీగా ఉండదు. ప్రతి పిన్ను గదిలో ఇంకో బిళ్ల చేర్చామా, 64 కాస్తా 729 అవుతుంది. పైగా అక్కడ పట్టిక క్రమం తప్పుతుంది, పక్క ఆఫీసు కీ పట్టే ప్రమాదం అప్పుడే పుడుతుంది. హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ రింగులో రెండు కీలు వేసుకుంటే అతనికి పోయే పరువేమీ లేదు.

అద్దెదారుల సర్వర్ గది, క్యాష్ గది లాంటివి మాస్టర్ వ్యవస్థకు బయట ఉంచాలి. మంట పుడితే ఎలా అంటారా? ఆ కీ సీలు వేసిన డబ్బాలో సెక్యూరిటీ దగ్గరుంటుంది. ఇది యజమానితో జరిగే కీయింగ్ మీటింగులోనే రాయించుకుని అతని సంతకం తీసుకోవాలి. సంతకం లేని కీ షెడ్యూల్ (ఏ కీ ఏ తలుపు తియ్యాలో రాసిన జాబితా) ఫ్యాక్టరీకి వెళ్తే తర్వాతి గొడవ మొత్తం ట్రైనీ నెత్తి మీదే పడుతుంది.

ఇక సైటులో జరిగే తప్పులు. ఒకటి పొడవు. తలుపు మందం, రెండు వైపులా ప్లేటు మందం కలిపి కొలవకుండా అన్నిటికీ 60 మిల్లీమీటర్ల సిలిండర్ ఆర్డర్ పెట్టేస్తారు. పొట్టిదైతే చెవి పూర్తిగా దిగదు. పొడవైతే ప్లేటు దాటి బయటికి పొడుచుకొస్తుంది, మూడు మిల్లీమీటర్లు దాటి బయటకుంటే రెంచితో పట్టి విరగ్గొట్టడం తేలిక. రెండోది నిష్క్రమణ తలుపులు. జాతీయ భవన నియమావళి 2016 ప్రకారం బయటపడే తలుపు లోపలి వైపు నుంచి చెవి లేకుండా తెరుచుకోవాలి. అక్కడ లోపలి వైపు చెవి పెట్టే సిలిండర్ రాశాడంటే అది అక్షరదోషం కింద సరిపెట్టుకునే తప్పు కాదు. లోపల థంబ్ టర్న్ (వేళ్లతో తిప్పే మీట) గానీ, పానిక్ బార్ (నెడితే తలుపు తెరుచుకునే అడ్డ కడ్డీ) గానీ ఉండాలి. మూడోది లోపల చెవి వదిలేస్తే బయటి చెవి పట్టకపోవడం. అలాంటి తలుపులకు ఎమర్జెన్సీ ఫంక్షన్ ఉన్న సిలిండర్ ముందే అడగాలి. ఇక పని నడుస్తున్నప్పుడే అసలు సిలిండర్లు బిగించేస్తే సిమెంటు దుమ్ము లోపలికి పోతుంది, కీలు మేస్త్రీల జేబుల్లోకి పోతాయి. అప్పగింత దాకా తాత్కాలిక సిలిండర్లే ఉండాలి. తిరగడం లేదని ఎవరో కొబ్బరినూనె పోస్తారు. నూనెకు దుమ్ము పట్టి పలుచటి బిళ్లలు అంటుకుపోతాయి. గ్రాఫైట్ లాంటి పొడి లూబ్రికెంట్ చాలు.

మాటతో కూడా తప్పులు జరుగుతాయి. మన ఇళ్లలో తాళాలంటే కొందరికి కప్పలు, కొందరికి చెవులు. ‘తాళాలు 40’ అని ఫోనులో చెప్పిన ఆర్డరుకు ఏం వస్తుందో ఊహించుకోండి. ‘సిలిండర్’, ‘కీ’ అని విడివిడిగా రాయడం మొదటి వారంలోనే అలవాటు కావాలి.

భవిష్యత్తు సంగతికొస్తే, కార్డులు వచ్చాక మెయిన్ తలుపులు, లిఫ్టు లాబీలు ఎలక్ట్రానిక్ అయ్యాయి. షాఫ్టులకు, స్టోర్లకు, ప్లాంటు గదులకు ప్రతిదానికీ రీడరు, వైరు, బ్యాటరీ పెట్టించే యజమానులు తక్కువ. కార్డు తాళాలకు కూడా చాలావాటికి అత్యవసరంలో తెరిచే మెకానికల్ సిలిండర్ ఉంటుంది, దాన్నీ ప్లాన్‌లో కలపాలి. అస్సా అబ్లాయ్ క్లిక్ లాంటి, చెవిలోనే చిప్ ఉండే వ్యవస్థలకు కూడా ఎవరు ఏ తలుపు తియ్యాలన్న పట్టిక ముందే కావాలి. రెండూ తెలిసినవాడికి పని తగ్గదు. ఒక్క మెకానికల్ దగ్గరే ఆగిపోయినవాడికి తగ్గుతుంది.

నమ్మకం విషయం మీరు అడగలేదు, కానీ చెప్పాలి. కోతల పట్టిక చేతికి చిక్కితే బిల్డింగు చిక్కినట్టే. 2003లో మాట్ బ్లేజ్ అనే అమెరికన్ కంప్యూటర్ భద్రతా పరిశోధకుడు, మామూలు గది కీ ఒక్కటి, దాని తాళం, కోతలు కొయ్యని కొన్ని ఖాళీ చెవులు అందుబాటులో ఉన్నవాడు కూడా సాధారణ వ్యవస్థలో మాస్టర్ కోతలు కనిపెట్టగలడని పేపరు రాసి చూపించాడు. అందుకే మంచి ప్రాజెక్టుల్లో పేటెంటు ఉన్న, ఖాళీ చెవి బజారులో దొరకని ప్రొఫైల్ (చెవి గాడుల ఆకారం) వాడతారు. యజమాని దగ్గరుండే సెక్యూరిటీ కార్డు, సంతకం లేకుండా కంపెనీ డూప్లికేటు ఇవ్వదు. చెవి మీద ‘కాపీ చెయ్యరాదు’ అని ముద్ర వేసినంత మాత్రాన రోడ్డు పక్క కీ చేసేవాడు ఆగడు. చెవి మీద కోతల అంకెలు కొట్టకూడదు, ఏఏ1 లాంటి గుర్తు మాత్రమే కొట్టాలి. మీ అబ్బాయికి పోలీసు వెరిఫికేషన్ అడిగితే అది మంచి కంపెనీ లక్షణమని అనుకోండి.

ముందుదారి: రెండు మూడేళ్లు బెంచీ, సైటు, కీయింగ్ మీటింగులు చూశాక ఆస్పత్రులు, హోటళ్లు, ఎయిర్‌పోర్టుల ప్రాజెక్టులకు హార్డ్‌వేర్ స్పెసిఫికేషన్ రాసే స్థాయికి వస్తాడు. ఆ దశలో బ్రిటన్‌లోని గిల్డ్ ఆఫ్ ఆర్కిటెక్చరల్ ఐరన్‌మాంగర్స్ డిప్లొమా గానీ, అమెరికన్ డోర్ అండ్ హార్డ్‌వేర్ ఇన్‌స్టిట్యూట్ వారి ఆర్కిటెక్చరల్ హార్డ్‌వేర్ కన్సల్టెంట్ అర్హత గానీ పనికొస్తాయి. గల్ఫ్ ప్రాజెక్టులకు వెళ్లాలనుకుంటే మొదటిది బాగుంటుంది. అమెరికా ఆలోచన ఉంటే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: టెక్సస్, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో తాళాల పని చెయ్యడానికి లైసెన్సు కావాలి.

వాడికి సరిపోతుందో లేదో ఒక ఆదివారంలో తేలిపోతుంది. హార్డ్‌వేర్ షాపులో మామూలు పిన్ సిలిండర్ ఒకటి కొని, అంచున్న పళ్లెంలో పెట్టి విప్పమనండి. స్ప్రింగులు ఎగిరిపోతాయి, వెతుక్కోవాలి. పిన్నులను వెర్నియర్‌తో కొలిచి వరుసగా రాసి, మళ్లీ బిగించి తాళం తిప్పాలి. తర్వాత వాడి కాలేజీలో ఒక బ్లాకు తలుపులన్నీ ఎక్సెల్‌లో ఎక్కించి, ప్రిన్సిపాల్, ల్యాబ్ అసిస్టెంటు, స్వీపరు, వాచ్‌మన్ ఎవరెవరు ఏది తియ్యాలో గడులు నింపమనండి. మొదటిదానికి విసుక్కుంటే బెంచీ కష్టమవుతుంది. రెండోదానికి విసుక్కుంటే ఈ ఉద్యోగమే వద్దు, ఎందుకంటే రోజులో ఎక్కువ భాగం అదే పని. విసుక్కోకపోతే ఆ షీటు ప్రింటు తీసుకుని ఇంటర్వ్యూకి వెళ్లమనండి. మీరు కంపెనీని అడగాల్సినవి మూడు: బెంచీ శిక్షణ ఎన్ని నెలలు, సైటు ప్రయాణ ఖర్చు ఎవరిది, జీతంలో అమ్మకాల టార్గెటుకు ముడిపెట్టిన భాగం ఎంత. మూడోదానికి జవాబు ‘సగానికి పైగా’ అని వస్తే, పేరు కీయింగ్ ట్రైనీ అయినా అది సేల్స్ ఉద్యోగమే.