ఉష్ణం పాఠం చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మా,

నీ మెసేజ్ చూశాను. సోమవారం నుంచి ఉష్ణం మొదలుపెట్టాలి, పిల్లలు నిర్వచనాలు గడగడా అప్పజెప్పేస్తున్నారు కానీ పుస్తకంలో లేని ప్రశ్న ఒక్కటి వేస్తే తెల్లమొహం వేస్తున్నారు, ఎక్కణ్ణుంచి ఎత్తుకోను మాస్టారూ అన్నావు. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని రాస్తున్నాను, కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ఈ పాఠంలో పిల్లలకి నిజంగా పట్టుబడాల్సింది ఒక్కటే. వేడి ఇస్తూనే ఉన్నా ఉష్ణోగ్రత పెరగని సమయం ఒకటుంటుంది, అది వాళ్లు కళ్లారా చూడాలి, చూసి "మరి ఇచ్చిందంతా ఏమైపోయింది?" అని వాళ్లే అడగాలి. ఆ ప్రశ్న వాళ్ల నోటి నుంచి వచ్చాకే అణువుల సంగతి ఎత్తు. మొదటి రోజే బోర్డు మీద "అణువులు నిరంతరం చలిస్తూ ఉంటాయి" అని రాసేస్తే బుద్ధిగా రాసుకుంటారు, పరీక్షలో రాస్తారు, మార్కులూ వస్తాయి, కానీ ఆ వాక్యం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలీకుండానే స్కూలు దాటిపోతారు.

కాబట్టి మొదటి పీరియడ్‌కి ఐసు తెప్పించు. సోడా కొట్టులో దొరుకుతుంది. థర్మోకోల్ గ్లాసులు రెండు, వంటింటి తూకం ఒకటి, థర్మామీటరు ఒకటి చాలు. ముందు 80 డిగ్రీల వేడినీళ్లు 100 గ్రాములు, 30 డిగ్రీల మామూలు నీళ్లు 100 గ్రాములు కలిపితే ఎంతొస్తుందో అడుగు. 55 అని చెప్పేవాళ్లు క్లాసులో తప్పకుండా ఉంటారు. కలిపి చూపించు, కాస్త తక్కువగా ఆ చుట్టుపక్కలే వస్తుంది. ఇప్పుడు సున్నా డిగ్రీల ఐసు 100 గ్రాములు, 80 డిగ్రీల నీళ్లు 100 గ్రాములు కలిపితే ఎంత? ప్రతి ఒక్కరూ నోట్సులో అంకె రాసే దాకా కలపొద్దు, ఇది గట్టిగా చెబుతున్నాను. అంకె రాసిన పిల్లాడు ఆ ప్రయోగాన్ని తన సొంత పందెంలా చూస్తాడు, రాయనివాడు కిటికీలోంచి బయటికి చూస్తాడు. ఎక్కువమంది 40 అని రాస్తారు. కలిపాక ఐసు మొత్తం కరిగేసరికి థర్మామీటరు సున్నాకి దగ్గర్లో ఆగుతుంది, గ్లాసూ గాలీ ఇచ్చిన వేడి వల్ల నాలుగైదు డిగ్రీలు ఉంటే ఉంటుంది. క్లాసులో గోల లేస్తుంది. లేవనీ.

ఒక జాగ్రత్త. ఐసు చిన్న ముక్కలు కొట్టి, గుడ్డలో వేసి తడి బాగా అద్ది, అప్పుడు తూకం వెయ్యి. తడి ఐసు వేస్తే నువ్వు 100 గ్రాముల ఐసు అనుకునేదాంట్లో కొంత అప్పటికే నీళ్లు, లెక్క అక్కడే చెడుతుంది.

గోల తగ్గాక లెక్క వాళ్లతోనే వేయించు. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ దిగితే ఒక కేలరీ పోతుంది కాబట్టి, వేడినీళ్లు 80 నుంచి సున్నాకి దిగుతూ పోగొట్టుకున్నది గ్రాముకి 80 కేలరీల చొప్పున 8000 కేలరీలు. అదంతా ఐసు తీసుకుంది, అయినా ఒక్క డిగ్రీ పెరగలేదు, కరిగింది అంతే. గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరగకుండా కరగడానికే పోయే వేడి, గ్రాముకి 80 కేలరీలు అన్న అంకె ఇక బట్టీ పట్టాల్సిన పని లేదు, వాళ్ల గ్లాసులోంచే పుట్టింది. ఇక్కడ జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త గురించి రెండు మాటలు చెప్పు. 1760 ప్రాంతంలో గ్లాస్గోలో ఆయన ఇదే ఆలోచించాడు: కరిగే ఉష్ణోగ్రతకి చేరిన మంచుకి ఇంకాస్త వేడి తగిలితే చాలు మొత్తం కరిగిపోయేటట్టయితే, వసంతకాలం రాగానే కొండల మీది మంచంతా ఒక్కసారిగా నీరై వరదలు ముంచెత్తాలి కదా, మరి వారాల తరబడి ఎందుకు నిదానంగా కరుగుతోంది అని. గంగ ఎండాకాలంలోనూ ఎందుకు పారుతుందో ఆ మాటతో ముడిపెట్టు, సోషల్ పీరియడ్‌కీ పనికొస్తుంది.

రెండో రోజు బీకరులో ఐసు ముక్కలు వేసి సన్నని మంట మీద పెట్టి, అరనిమిషానికోసారి ఒక పిల్ల థర్మామీటరు చదవాలి, ఇంకొకరు బోర్డు మీద రాయాలి, మిగతావాళ్లు గ్రాఫు గీయాలి. కలుపుతూ ఉండమను, లేకపోతే అడుగున ఒకటి, పైన ఒకటి చూపిస్తుంది. ఐసు ఉన్నంతసేపూ గీత దాదాపు చదునుగా పోతుంది, తర్వాత ఎక్కుతుంది, మరిగే దగ్గర మళ్లీ చదునవుతుంది. మీ అనంతపురం సముద్రమట్టానికి 300 మీటర్లకి పైన ఉంది కాబట్టి నీళ్లు 100కి ఒక డిగ్రీ తక్కువలోనే మరుగుతాయి. పుస్తకంలో 100 అని ఉంది కదా అని బోర్డు మీద 100 వేయించొద్దు, చూసిన అంకే వేయించు. ఎందుకు తగ్గిందని ఎవరైనా అడిగితే హార్స్‌లీ హిల్స్ మీద ఇంకా తక్కువకే మరుగుతాయని చెప్పి, ప్రెషర్ కుక్కర్‌లోకి వెళ్లిపో.

ఇప్పుడు, ఆ చదును గీత ముందు నిలబడి, అణువుల్ని తీసుకురా. ఉష్ణోగ్రత అంటే అణువుల సగటు గతిజశక్తికి, అంటే కదలిక వల్ల వాటికుండే శక్తికి, కొలత. గీత ఎక్కుతున్నంతసేపూ ఇచ్చిన వేడిలో కొంత వాటి వేగం పెంచడానికి పోతోంది. గీత చదునైన చోట వాటి వేగం పెరగట్లేదు, ఆ శక్తి దాదాపు అంతా అణువుల మధ్య ఉన్న పట్టు సడలించడానికి పోతోంది. ఇది చెప్పి వదిలెయ్యకు, వెంటనే అడుగు: 100 డిగ్రీల నీటిలో, 100 డిగ్రీల ఆవిరిలో, ఎందులో అణువులు సగటున ఎక్కువ వేగంగా ఉంటాయి? దాదాపు క్లాసంతా ఆవిరి అంటుంది. రెండింటిలో సగటు గతిజశక్తి ఒకటే. మరి ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలితే నీళ్ల కంటే అంతగా ఎందుకు కాలుతుంది? ఒక గ్రాము ఆవిరి చర్మం మీద నీరు కావడంతోనే 540 కేలరీలు వదిలేస్తుంది, ఆ నీరు 100 నుంచి ఒంటి వేడి దాకా చల్లారితే వచ్చేది ఇంకో అరవై పైచిలుకు మాత్రమే. ఈ రెండు అంకెలు పక్కపక్కన బోర్డు మీద రాసి కాసేపు మాట్లాడకుండా ఉండు.

పిల్లల బుర్రలో ముందే పాతుకుపోయిన ఊహలు కొన్ని ఉంటాయి, వాటిని బయటికి లాగకుండా ఎంత చెప్పినా పైపైనే. మరిగే నీటిలో పెద్ద బుడగల్లో ఏముందని అడిగితే గాలి అంటారు, కాస్త చదువుకునేవాళ్లు హైడ్రోజన్, ఆక్సిజన్ అంటారు. మొదట్లో గోడలకి అంటుకుని వచ్చే చిన్న బుడగలు నీటిలో కరిగి ఉన్న గాలే, కానీ మరిగేటప్పుడు వచ్చేవి నీటి ఆవిరి. ఇనప కడ్డీ వేడెక్కితే వ్యాకోచిస్తుందంటే అణువులే ఉబ్బాయని బొమ్మ గీస్తారు. అందుకే నోటితో చెప్పించొద్దు, బొమ్మ గీయించు, వేడి చేయకముందు ఒకటి, చేశాక ఒకటి. తప్పు ఎక్కడుందో బొమ్మలో దాగదు. అణువుల మధ్య ఏముందని అడిగితే గాలి అని రాస్తారు, ఆ గాలిలో అణువుల మధ్య ఏముందని తిరిగి అడుగు, వాళ్లే నవ్వుకుని ఖాళీ దగ్గరికి వస్తారు. సూది లేని సిరంజిలో గాలి నింపి, మూతి వేలితో మూసి నొక్కమను, తర్వాత నీళ్లు నింపి నొక్కమను, ఆ తేడా ముందు పుస్తకంలో బొమ్మ ఎందుకూ పనికిరాదు.

స్టీలు గ్లాసు చల్లగా ఉంది, బల్ల చల్లగా లేదు అనే మాట కూడా వస్తుంది. గదిలో రెండూ ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయని థర్మామీటరుతో చూపించు, స్టీలు మన వేలి నుంచి వేడిని తొందరగా లాగేసుకుంటుంది. మీ ఊళ్లో దీనికి రెండో సగం కూడా చూపించొచ్చు, అది చాలా చోట్ల కుదరదు: చర్మం ఉష్ణోగ్రత 33, 34 డిగ్రీలు ఉంటుంది, ఏప్రిల్లో గదిలో 40 ఉన్న మధ్యాహ్నం అదే స్టీలు గ్లాసు బల్ల కంటే వేడిగా తగులుతుంది. లోహం సహజంగానే చల్లనిది అనే నమ్మకం ఆ ఒక్క ముట్టుకోవడంతో పోతుంది. ఒంటిపూట బడులైతే పిల్లల్ని ఇంట్లో చూసి రమ్మను.

అణువుల వేగం చెప్పేటప్పుడు అగరుబత్తి ప్రశ్న తప్పకుండా వస్తుంది, రాకపోతే నువ్వే వెయ్యి. గది ఉష్ణోగ్రత దగ్గర గాలి అణువులు సెకనుకి దాదాపు 500 మీటర్ల వేగంతో పోతాయి, మరి ఇక్కడ వెలిగించిన అగరుబత్తి వాసన చివరి బెంచీకి చేరడానికి అంతసేపెందుకు? ఇది చిన్నపిల్లల ప్రశ్న అని తీసిపారేసేది కాదు. క్లాసియస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1857లో వాయువుల అణుచలనం గురించి రాస్తే, మరుసటేడు బయిస్ బాలట్ అనే శాస్త్రవేత్త సరిగ్గా ఇలాంటి ఆక్షేపణే చేశాడు, ఆ దెబ్బకి క్లాసియస్ అభిఘాతాల, అంటే అణువులు ఒకదాన్నొకటి గుద్దుకోవడాల, లెక్క వేయాల్సి వచ్చింది. ఒక అణువు మిల్లీమీటరులో పదివేలో వంతు దూరం కూడా పోకుండానే ఇంకోదాన్ని గుద్దుకుని దారి మారుతుంది, సెకనులో వందల కోట్లసార్లు. నిజానికి గదిలో వాసనని మోసుకెళ్లేది ఎక్కువగా గాలి కదలికే, ఫ్యాను ఆపి కిటికీలు మూసినా కొంత ఉంటుంది, అది కూడా లేకపోతే ఇంకా చాలాసేపు పడుతుందని చెప్పు. ప్రశ్న వేసిన పిల్లకి "నువ్వడిగిందే ఆ రోజుల్లో క్లాసియస్‌నీ అడిగారు" అని చెప్పు, ఆ ఏడాదంతా ఫిజిక్స్ పీరియడ్ కోసం ఎదురుచూస్తుంది.

కిటికీలోంచి పడే ఎండలో దుమ్ము కదలడాన్ని బ్రౌనియన్ చలనం (కనిపించని అణువులు గుద్దడం వల్ల మరీ సన్నని కణాలు అటూ ఇటూ ఊగడం) అని మాత్రం చెప్పొద్దు. మనవాళ్లు చాలామంది చెబుతారు. కంటికి కనిపించే ఆ దుమ్ము గాలి ప్రవాహాల్లో కొట్టుకుపోతోంది. రాబర్ట్ బ్రౌన్ 1827లో సూక్ష్మదర్శినిలో చూసింది పుప్పొడి రేణువుల లోపలి నుంచి వచ్చిన మరీ సన్నని కణాల్ని, ప్రాణం వల్ల కదులుతున్నాయేమోనని రాతి పొడితో కూడా చూశాడు, అదీ కదిలింది. 1905లో ఐన్‌స్టీన్ దానికి లెక్క చెప్పాడు, పెరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కొలిచి చూపించాడు, ఆయనకి 1926లో నోబెల్ వచ్చింది. పెరాన్ కొలిచేదాకా అణువులు నిజంగా ఉన్నాయా అని పెద్ద పెద్దవాళ్లే వాదించారు, కాబట్టి మీ పిల్లలు ఒక్క పీరియడ్‌లో నమ్మకపోతే విసుక్కోకు.

మిశ్రమాల లెక్కలకి పెద్దగా భయపడక్కర్లేదు, ఐసు ఉన్న లెక్కలో కరగడం ఒక మెట్టు, తర్వాత వేడెక్కడం ఇంకో మెట్టు అని విడివిడిగా రాయిస్తే చాలు. థర్మామీటర్లు ఎర్ర ద్రవం ఉన్నవే పిల్లల చేతికివ్వు. పాదరసానివి పగిలితే ఆ మెరిసే గుళ్ల కోసం ఎగబడతారు, పొరపాటున కూడా ముట్టుకోనివ్వకు.

బాష్పీభవనానికి మనిద్దరం కలిసి ఒక పని చేద్దాం. మీ ఇళ్లల్లో ఏప్రిల్లో కూలరు పెడితే హాయిగా ఉంటుంది, ఇక్కడ బందరులో అదే కూలరు పెడితే జిడ్డు తప్ప చల్లదనం రాదు. నీటిలోంచి వేగంగా పోయే అణువులు లేచిపోతే మిగిలినవాటి సగటు తగ్గుతుంది, నీరు చల్లబడుతుంది, కానీ గాలిలో అప్పటికే ఆవిరి నిండి ఉంటే పోయినవాటిలో చాలావరకు తిరిగి వచ్చేస్తాయి. రెండు థర్మామీటర్లు తీసుకుని ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టించి, కాసేపు విసనకర్రతో విసిరి, రెండూ చదివించు. అక్కడ పొడి రోజుల్లో తేడా పది డిగ్రీలు కూడా దాటుతుంది, ఇక్కడ నాలుగైదు వస్తే గొప్ప. ఏ రోజు చేస్తావో ముందు రోజు మెసేజ్ పెట్టు, మధ్యాహ్నం రెండింటికి నేనూ వరండాలో చదివి నా అంకెలు పంపుతాను, నీ పిల్లలు రెండు ఊళ్లకీ పక్కపక్కన పట్టిక వేసి, తేడా ఎందుకొచ్చిందో అణువుల మాటల్లో రాయాలి. రాసినవాటిలో తప్పుగా రాసినవి కూడా ఫోటో తీసి పంపు, వాటి మీద ఆదివారం తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఉంటాను,
మీ మాస్టారు